గంపెత్తే మనిషి

అడుగున ఐసు ముక్కలు, వాటి మీద కానాగంత చేపలు, పైన తడి గోనెపట్టా, పట్టా మీద ఎండు నెత్తళ్ల మూట. నారాయణమ్మ గంప సర్దితే అలాగే ఉండాలి. ఎచ్చెర్ల దాటాక రోడ్డు పక్కన ఆటో దిగి, ఆమె గంపను మొదటినుంచీ మళ్లీ సర్దుకుంటోంది. గతుకుల్లో చేపలన్నీ ఒక పక్కకు చేరిపోయాయని డ్రైవరును తిడుతోంది కూడా. నోట్లో చుట్ట ఉన్నా తిట్లకు అదేమీ అడ్డం కాలేదు. నిప్పున్న కొస నోటి లోపల, చల్లటి కొస బయట. వాళ్ల పల్లె ఆడవాళ్లందరిదీ అడ్డచుట్టే. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా ఎవరు మొదలుపెట్టారో గాని, గాలి లేని చోట కూడా వాళ్లు అలాగే తాగుతారు.

"తిట్టడం అయిపోనాదా? నాకు బేరం పోతాది," అన్నాడు డ్రైవరు.

"అయిపోనాది. గంపెత్తి ఎల్లు."

ఆమె నెత్తి మీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని వంగింది. అతను అటు, ఆమె ఇటు అంచు పట్టుకుని ఒక్క ఊపున పైకెత్తారు. గంప తల మీద కూర్చున్నాక మెడ కాస్త అటూ ఇటూ కదిలి నిలిచింది. ఆ తర్వాత ఆ మెడకి బరువు సంగతి గుర్తుండదు.

నారాయణమ్మ అరవైకి దగ్గర పడింది. కాళ్లు సన్నం, మెడ లావు. ముక్కుకి రెండు వైపులా పుడకలు. నడినెత్తిన గంప కూర్చునే చోట జుట్టు ఊడిపోయి నున్నగా మెరుస్తుంది. గొంతు ఎంత పెద్దదంటే, రహస్యం చెప్పినా వీధి చివరికి వినిపిస్తుంది. నెత్తిన గంపతో ఎంత దూరమైనా నడుస్తుంది, దారిలో చుట్ట వెలిగించుకుంటుంది, అరికాల్లో ముల్లు దిగితే ఒంటికాలి మీద నిలబడి తీసుకుంటుంది. తిప్పలు పడి ఒక్కతే కిందికి దించుకోగలదు కూడా. ఎత్తుకోవడం మాత్రం చేతకాదు. అది ఎవరికీ చేతకాదు. నేల మీది గంప నెత్తి మీదికి రావాలంటే రెండో మనిషి ఉండాల్సిందే. అందుకే చేపలమ్మే ఆడవాళ్లు దారిన పోయే ఎవరినైనా నిలబెట్టి, "గంపెత్తు బాబూ," అంటారు. అడగడానికి సిగ్గుపడరు. బడికి పోయే మేస్టారైనా, పెళ్లికి పోయేవాడైనా చేతిలోది పక్కన పెట్టి, ఎత్తి పోతాడు. కాదన్న మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

కార్తీకమాసమంటే నారాయణమ్మకు ఒళ్లుమంట. శివుడంటే భక్తే గాని, ఆయన నెల పొడుగునా ఊళ్లకు ఊళ్లనే చేప ముట్టకుండా చేయడం ఏం న్యాయమో ఆమెకు అర్థం కాదు. సముద్రం సెలవు తీసుకోదు. పడవలు వెళ్లక మానవు, వలలో చేప పడక మానదు. కొనేవాళ్లే ఉండరు. అందులోనూ ఆ రోజు సోమవారం. సగం మంది తెల్లారకుండానే శ్రీముఖలింగం గుడికి పోయి ఉంటారు, మిగిలిన సగం మంది ఆమెను చూసి ముక్కు మూసుకుంటారు. అయినా ఇంట్లో కూర్చోవడం ఆమెకు రాదు. నిష్ఠ పట్టని ఇళ్లు కొన్ని ఉంటాయి. వాటిలో మొదటిది జగన్నాధం ఇల్లు.

రోడ్డు దిగి కాలిబాట పడితే, ఊరి మొదట్లోనే ఆ ఇల్లు. ఎత్తయిన అరుగు, ముందు వాకిలి, వెనక పశువుల శాల. జగన్నాధం ఊళ్లో కాస్త పొలం ఉన్న రైతు. యాభై దాటాయి. పిల్లలు లేరు. అతని భార్య యమున నారాయణమ్మను 'అప్పా' అని పిలిచేది, విని విని అతనూ అదే పిలుపు నేర్చుకున్నాడు. యమున చేపల పులుసు పెడితే వీధిలో నడిచేవాళ్లు కాసేపు ఆగేవాళ్లు. ఏటా కార్తీకంలో మొగుడూ పెళ్లాలకు ఒకటే తగువు. ఆమె నిష్ఠ పట్టేది, ఇతను పట్టేవాడు కాదు. "ఏడాదికో నెల నోరు కట్టుకోలేవేటి," అని సాధిస్తూనే వెనక పెరట్లో విడిగా పొయ్యి పెట్టి అతనికి వండేది. మొన్న వేసవిలో జబ్బు చేసి యమున పోయింది.

ఆ పొద్దున జగన్నాధం అరుగు మీద నిలబడి ఉన్నాడు. గెడ్డం గీసుకున్నాడు, తలంటుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. యమున పోయాక అతన్ని అంత శుభ్రంగా చూడటం అదే మొదలు. నారాయణమ్మకు సంతోషమేసింది. సంతోషమేస్తే ఆమె నోరు ఊరుకోదు.

"ఏటి బాబూ, పెళ్లిసూపులకా?"

అతను నవ్వాడు. గంప దింపాడు. ఆమె గోనెపట్టా ఎత్తి మంచి కానాగంతలు నాలుగు ఏరబోతుంటే, "వొద్దప్పా. ఇంక నాకోసం తేకు," అన్నాడు.

"ఓహో, కార్తీకం పట్టినావేటి?"

"అలగే అనుకో," అన్నాడు.

నారాయణమ్మకు కళ్లు చెమర్చాయి. పెళ్లాం బతికుండగా వినని మాటను పోయాక విన్నాడన్నమాట. ఒక బేరం పోయినందుకు ఆమెకు ఏమీ బాధ కలగలేదు. అతను లోపలికి వెళ్లి యమున పులుసు దాక తెచ్చాడు. సత్తు దాక. అడుగు మసిబారి, అంచున ఒకచోట సొట్టపడి ఉంది. "తీసుకెల్లు. ఇక్కడెవలు వొండుతారు," అని గంపలో పెట్టేశాడు. నిష్ఠ పట్టిన ఇంట్లో చేపల దాక ఉండకూడదు గదా అనుకుంది ఆమె. వచ్చేటప్పుడు కాలిబాట పక్కన అతని వరి పండి వాలిపోయి ఉండటం గుర్తొచ్చి, "కోతెప్పుడు?" అని అడిగింది.

"అయిపోతాదిలే."

గంప ఎత్తాడు. మామూలుగా అయితే, ఎత్తాక అంచు వదలకుండా, "కుదిరిందేటి?" అని అడుగుతాడు. ఆమె మెడ సర్దుకుని "కుదిరింది" అన్నాకే చేతులు తీస్తాడు. ఎన్నేళ్లుగానో అది అంతే. ఆ రోజు అడగలేదు. ముందే చేతులు తీసేశాడు. గంప ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆమె ఎలాగో నిలదొక్కుకుని, "ఇస్త్రీ సొక్కా నలిగిపోతాదనేటి?" అని రెండు తిట్లు తిట్టి వీధిలోకి నడిచింది.

వీధులు ఖాళీగా ఉన్నాయి. ఒక ఇంటి ముసలమ్మ ఎండు నెత్తళ్లు దోసెడు తీసుకుంది, కోడలు చూడకుండా కొంగులో దాచుకుంది. మరో ఇంట్లో ఆమెను వాకిట్లోకే రానివ్వలేదు. ఊరు దాటి, పొలాల మధ్య రోడ్డు మీద తర్వాతి ఊరికి నడిచింది. ఎండ నెత్తికెక్కాక కల్వర్టు దగ్గర ఆగింది. రోజూ ఆమె తిండి అక్కడే. ఆ దారిన ఎవరో ఒకరు సైకిలు మీదో బండి మీదో వస్తూనే ఉంటారు, ఎత్తి పోతారు. ఆ ధైర్యంతో గంపను మోకాలి ఎత్తున్న సిమెంటు గట్టు మీదికి దించుకుంది.

డబ్బాలో చద్దన్నం, ఉల్లిపాయ. తింటూ యమున దాకను ఒళ్లో పెట్టుకుని చూసింది. సొట్ట దగ్గర వేలు పెట్టి తడిమింది. ఆ సొట్ట తన మూలంగానే పడింది. ఒకసారి కబుర్లలో పడి గంపను దాని మీదే దించేసింది. యమున ఎంత తిట్టిందో, ఎంత నవ్విందో. దాక లోపల గీరితే ఇంకా చింతపండు వాసన వస్తున్నట్టే ఉంది. మంచి దాక. ఇలాంటిది ఇవ్వడానికి ఎవరికి చేతులొస్తాయి.

నోటి దగ్గరికి వెళ్లిన ముద్ద ఆగిపోయింది.

కార్తీకం పట్టేవాళ్లు దాకను ఇవ్వరు. కడిగి అటకెక్కిస్తారు. నెలాఖరుకి పోలిని సాగనంపి, అరటి దొన్నెల్లో దీపాలు వదిలి, ఇంటికొచ్చి ముందు చేసే పని అటక మీంచి దాక దింపుకోవడమే. నెల రోజుల నిష్ఠకి దాకను శాశ్వతంగా ఇచ్చేసేవాడు ఎవడూ ఉండడు. 'ఇంక తేకు' అన్నాడు. 'ఇక్కడెవలు వొండుతారు' అన్నాడు. పండిన వరిని గాలికి వదిలేశాడు. అడగకుండా చేతులు తీసేశాడు.

ఆమెకు భయం వేసింది. అలాంటి భయం ఆమెకు కొత్తది కాదు. ఒకప్పుడు అది తన లోపలే ఉండేది.

పాతికేళ్లు నిండని వయసులో నారాయణమ్మ మొగుడు ధనరాజు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ఒక పొద్దున ఆమె సముద్రంలోకి నడిచింది. చీర కుచ్చిళ్లు తడిశాయి. అప్పుడు వెనక నుంచి లక్ష్మణమ్మ కేకేసింది. లక్ష్మణమ్మ ముసలిది, చేపలమ్ముకునే మనిషి. "ఒసే ధనరాజు పెళ్లామా, ఇటు రాయే. గంపెత్తు," అంది. ఎత్తేసి వద్దాం, సముద్రం ఎక్కడికి పోతుందిలే అనుకుంది నారాయణమ్మ. వెళ్లి ఎత్తింది. గంప కుదిరాక లక్ష్మణమ్మ ఆ తడి కుచ్చిళ్లను చూసింది. వాటి గురించి ఒక్క మాట అనలేదు. "ఎత్తినదానివి, దించడానికీ నువ్వే రా," అని ఊళ్లోకి లాక్కుపోయింది. సాయంత్రానికల్లా సంగతి పల్లెంతా చెప్పేసింది. ఆ రోజు నుంచి ఎన్నాళ్లో ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆమెకు అటూ ఇటూ పడుకున్నారు. పొద్దున్నే లక్ష్మణమ్మ తలుపు కొట్టేది. తన పరువు తీసిందని నారాయణమ్మకు ఆ ముసలిదాని మీద చాలాకాలం కోపం ఉండేది. పోగా పోగా ఆ కోపం పోయింది. ముసలిదీ పోయింది.

నారాయణమ్మ లేచి రోడ్డుకి అటూ ఇటూ చూసింది. ఒక్క మనిషి లేడు. అందరూ శివుడి దగ్గరే ఉన్నారు. గంప రెండు చేతులా పట్టుకుని ఎత్తి చూసింది. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. ఎండు చేపలు కొన్ని ఒలికాయి. ఆ గంపలో ఆ రోజు బతుకంతా ఉంది. తాటిచెట్టు మీద కాకులు అప్పుడే చూస్తున్నాయి.

"తినండి," అంది కాకులతో. దాక చంకన పెట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నెత్తి మీద బరువు లేకుండా నడిచి ఎన్నాళ్లయిందో, అడుగులు తిన్నగా పడలేదు. కాసేపటికి పరుగెత్తింది.

జగన్నాధం ఇంటి తలుపు మూసి ఉంది. ఆమె అరచేత్తో బాదింది.

"జగన్నాధం బాబూ. తలుపు తియ్యి. నువ్వు తీసేదాక కొడతాను. నా గొంతు సంగతి నీకు తెలుసు."

లోపల అలికిడి లేదు. ఆమె దాకతోనే తలుపు కొట్టింది. సత్తు మోత వీధంతా పాకింది. చాలాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది. జగన్నాధం గుమ్మంలో నిలబడ్డాడు, పొద్దున చూసినట్టే, ఇస్త్రీ చొక్కాతో. నారాయణమ్మ ప్రాణం కుదుటపడింది. ఏడవాలనిపించింది గాని, ముందు కోపమే బయటికొచ్చింది.

"నాకీ దాకెందుకిచ్చినావు?"

"వొండుకుంటావని."

"నిష్ఠ పట్టినోడు దాకని అటకెక్కిస్తాడు. దానం సెయ్యడు."

నారాయణమ్మ జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించింది.

"సచ్చిపోవాలనుకుంటన్నావా బాబూ?"

అతను గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఆ మాట అడిగితే అతను మండిపడతాడనుకుంది ఆమె. అతని భుజాలు మాత్రం దిగాయి, ఎవరో బరువు పంచుకున్నట్టు.

"నీకెలగ తెలిసింది అప్పా?"

"గంప కుదరకముందే సేతులు తీసేసినావు."

ఆమె అతని పక్కనే గడప మీద కూర్చుంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. "పొద్దున్న లెగుస్తాను. ఏటికి లెగిసినానో తెలీదు. పొలానికెల్తే అక్కడా తెలీదు. అది పోనాక నానెవలికీ అక్కర్లేదు. అలిసిపోనాను అప్పా."

నారాయణమ్మ దగ్గర ఉన్నది ఒక్కటే, తన సంగతి. అది చెప్పింది, తడి కుచ్చిళ్లు, లక్ష్మణమ్మ కేక, అన్నీ. ధనరాజు గురించి ఆమె ఈ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అది పోటులాగొస్తాది బాబూ. వొచ్చినప్పుడు ఇంక ఇదే ఉంటాది, దిగదు అనిపిస్తాది. దిగతాది. ఆ కాసేపూ మనం ఒక్కలం ఉండకూడదు, అంతే."

"నీకు మల్లీ రానేదా?"

"వొచ్చింది. సానాసార్లు. వొస్తే ఎవలింటికో ఎల్లి కూకుంటాను. ఆలు తిడతారు, పనిసెప్తారు. దిగిపోతాది."

అతను చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఎవలికీ సెప్పకప్పా."

"సెప్తాను."

"నీకు దండం పెడతాను."

"పెట్టు. సెప్తాను. తిట్టుకుంటే తిట్టుకో. నానూ తిట్టుకున్నాను లక్ష్మణమ్మని." అక్కడినుంచి కదలకుండానే ఆమె ఎదురింటి వైపు తిరిగి కేకేసింది. "ఓ శైలజా. పాపా, ఇటు రా ఒకసారి."

శైలజ ఊరి ఆశా కార్యకర్త. నారాయణమ్మను చూసినప్పుడల్లా అడ్డచుట్ట మానమని, నోట్లో పుండు పడుతుందని పోరుతుంది. అందుకని ఆ పిల్లకు కనబడకుండా తిరగడం నారాయణమ్మకు అలవాటు. ఆ రోజు మాత్రం ఆమె రావడమే చాలనిపించింది. నారాయణమ్మ సంగతంతా చెప్పింది. శైలజ వచ్చి అతనికి ఇంకో పక్కన కూర్చుంది.

"మావా, సూస్తూనే ఉన్నాను నేను. ఏటని అడగాలో తెలీక ఊరుకున్నాను. ఇది ఒంటికొచ్చిన జొరం లాంటిదే మావా. శ్రీకాకుళంలో డాక్టరుంటారు, మందుంటాది. నేను మాటాడతాను."

ఆ ఇంట్లో అతని చేతికి అందకూడనివన్నీ శైలజ ఒక గోనెలో వేసి తన ఇంటికి మోసుకుపోయింది. ఏమేమిటో ఎవరూ అడగలేదు. నరసన్నపేటలో ఉన్న యమున తమ్ముడు తిరుమలరావుకు ఫోను చేసింది. అతను షాపు మూసి బయల్దేరుతున్నానన్నాడు.

అప్పటికి నారాయణమ్మకు గంప గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఆమె ఉగ్గబట్టుకోలేకపోయింది.

"నా గంప కల్వర్టు కాడ వొదిలేసినాను. ఎత్తడానికి మనిసి నేక. నీ మూలంగా కాకుల పాలైపోనాది. రా, ఎత్తుదువుగాని."

జగన్నాధం ఆమె వైపు వింతగా చూశాడు. "గంపొదిలేసినావా?"

"మరేటి, నెత్తిన పెట్టుకొచ్చినాననుకున్నావా?"

ఆమె గంపను వదిలి రావడం ఎంత పనో ఆ ఊళ్లో అతనికన్నా బాగా ఎవరికీ తెలియదు. లేచి చెప్పులు వేసుకున్నాడు. ముగ్గురూ ఊళ్లోంచి కాక చేల గట్ల మీదుగా నడిచారు. దారి పొడుగునా శైలజ ఫోనులో తిరుమలరావుతో మాట్లాడుతూ వెనకే వచ్చింది. జగన్నాధం వరి పక్కనుంచి వెళ్తున్నప్పుడు అతను ఒక్కసారి ఆగి, ఒక వాలిన దుబ్బును లేపి చూసి వదిలేశాడు.

కల్వర్టు దగ్గర కాకులు లేచిపోయాయి. కానాగంతలు సగం పోయాయి. మిగిలినవి ఐసు కరిగిన నీళ్లలో తేలుతున్నాయి. ఎండు నెత్తళ్లు రోడ్డంతా చిమ్మి ఉన్నాయి. నారాయణమ్మ కాకులను పేరుపేరునా తిట్టింది. జగన్నాధం ఇస్త్రీ చొక్కాతోనే రోడ్డు మీద గొంతుక్కూర్చుని, నెత్తళ్లను మట్టి దులిపి ఒక్కొక్కటే మూటలో వేశాడు. ఎంతసేపైనా శైలజ తొందర పెట్టలేదు. అన్నీ ఏరాక గంప ఎత్తాడు. ఈసారీ 'కుదిరిందేటి' అని అడగలేదు.

మిగిలిన చేపలు మర్నాటికి పనికిరావు. ఆ మాట చెప్పి ఆమె జగన్నాధం పెరట్లో పొయ్యి రాజేసింది. కార్తీక సోమవారం నాడు, రైతు ఇంట్లో, నిష్ఠలో ఉన్న శైలజ ముక్కుకి పవిట అడ్డం పెట్టుకుని కూర్చుని ఉండగా, యమున దాకలో చేపల పులుసు ఉడికింది. "శివుడికి కోపమొస్తే నా మీద రానీ. ఆయనకీ నాకూ పాత తగువే," అంది నారాయణమ్మ. జగన్నాధం ముందు కంచం పెట్టింది. అతను రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలుపుతూ ఏడ్చాడు. యమున పోయిన నాడు కూడా ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆడవాళ్లిద్దరూ అతన్ని ఏడవనిచ్చారు.

"ఉప్పెక్కువైపోనాది," అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుంటూ.

"నీ పెళ్లాం సెయ్యి నాకెక్కడిది? నువ్వు నేర్సుకో."

పొద్దు వాలుతుండగా తిరుమలరావు బండి మీద వచ్చాడు. దిగీ దిగగానే బావను కౌగిలించుకున్నాడు. అక్క పోయినప్పటి నుంచి ఫోను చేయాలనుకోవడం, ఏం మాట్లాడాలో తెలియక మానుకోవడం, అదే జరుగుతోందని చెప్పుకుని ఏడ్చాడు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో రేపు పొద్దున డాక్టరుకి చూపిద్దామని, కొన్నాళ్లు తన దగ్గరే ఉండమని అన్నాడు.

"కోతో?" అన్నాడు జగన్నాధం.

పొద్దున 'అయిపోతాదిలే' అన్న మనిషి అడిగిన ఆ ప్రశ్నకు నారాయణమ్మ అతని ముఖంలోకి చూసింది.

"నేను కోయిస్తాను బావా. నువ్వు గట్టు మీద కూకుని కూలోళ్లని తిట్టు. నాకు తిట్టడం రాదు."

సంచిలో రెండు జతల బట్టలు పెట్టారు. శైలజ తలుపుకి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. రోజూ ఫోను చేస్తానని, తీయకపోతే నరసన్నపేట వచ్చేస్తానని చెప్పింది. నారాయణమ్మ దాక తోమింది. అడుగు మసి ఎంత తోమినా పోలేదు. జగన్నాధం దాన్ని చూసి, "అది నీకిచ్చినాను గదా," అన్నాడు.

"నాకొద్దు. ఇది ఈ ఇంటి దాక. పోలి ఎల్లిపోనాక నాను కానాగంతలు తెస్తాను. నువ్వుండాలి. నువ్వే వొండాలి. సెడగొడితే తిడతాను."

అతను ఏ మాటా ఇవ్వలేదు. వెళ్లి బండి వెనక కూర్చున్నాడు. తిరుమలరావు బండి స్టార్టు చేశాడు. నారాయణమ్మ వాకిట్లో ఖాళీ అయిపోయినట్టే ఉన్న గంప ముందు నిలబడి, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. శైలజ ఎత్తబోయింది. నారాయణమ్మ వద్దన్నట్టు చూసింది. జగన్నాధాన్ని పిలవలేదు. అలాగే నిలబడింది, ఆమెకి అడగడానికి సిగ్గు లేకపోయినా.

"ఆగు," అన్నాడు జగన్నాధం.

బండి దిగి వచ్చాడు. అటు అతను, ఇటు ఆమె అంచు పట్టుకున్నారు. గంపలో మిగిలిన ఎండు నెత్తళ్లకు బరువేమీ లేదు. అయినా ఇద్దరూ నిండు గంపను ఎత్తినట్టే ఎత్తారు. గంప తల మీద కూర్చుంది. అతను చేతులు తీయలేదు.

"కుదిరిందేటి?"

కుదిరింది. ఎప్పుడో కుదిరింది. నారాయణమ్మ ఆ మాట అనలేదు. కళ్లు మూసుకుని మెడ అటు కదిపింది, ఇటు కదిపింది.

"ఇంకా నేదు. అలగే పట్టుకో."

అతను పట్టుకునే నిలబడ్డాడు. అతని చేతుల వణుకు గంప అంచు నుంచి ఆమె మెడకు తెలుస్తోంది. అది తగ్గేదాకా ఆగింది. పూర్తిగా తగ్గలేదు గాని, కొంత తగ్గింది.

"కుదిరింది," అంది అప్పుడు.

అతను చేతులు తీశాడు. బండి ఎక్కాడు. కాలిబాట మీద దుమ్ము లేచి, వాలిన వరి పక్కనుంచి వెళ్లి, పెద్దరోడ్డు మీద కలిసిపోయింది. నారాయణమ్మ అది వెళ్లిన వైపే కాసేపు చూసి, ఆటో దొరికే చోటికి బయల్దేరింది. మర్నాడు ఈ వీధిలో గంప ఎవరెత్తుతారా అని ఆలోచించింది. ఎవరో ఒకరు ఎత్తుతారు, అడగాలి, అంతే. చుట్ట వెలిగించి నిప్పు కొస నోట్లో పెట్టుకుంది. ఎదురింటి అరుగు మీంచి శైలజ అరుస్తూనే ఉంది.

తాళం వేసిన ఇంటి అరుగు మీద, పిల్లులు దొర్లించకుండా పైన రాయి పెట్టి, యమున దాక బోర్లించి ఉంది. మసి అడుగు పైకి, సొట్ట అంచు కిందికి. కడిగిన నీళ్లు ఆ సొట్ట దగ్గర నుంచి ఇంకా సన్నగా కారుతున్నాయి.